తవుడు పోసి కొన్నవాళ్లు

నలభై ఏళ్లు నరసన్నపేటలో దస్తావేజులు రాసిన చెయ్యి నాది. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు, ఒక బల్ల, రెండు బెంచీలు, అదే నా రాజ్యం. అన్నదమ్ములు భుజాల మీద చేతులు వేసుకుని వచ్చినా నేను వాళ్ల మొహాలు చూసేవాణ్ని కాదు, వెనకాల ఎవడు నిలబడ్డాడా అని చూసేవాణ్ని. చచ్చిపోయిన మామగారి బదులు వేలిముద్ర వెయ్యడానికి ముసుగేసుకొచ్చిన అల్లుణ్ని చెయ్యి పట్టుకుని లేపాను ఒకసారి. “నారాయణమూర్తి కన్నతల్లి పెట్టిన అన్నం కూడా కెలికి చూసుకుని తింటాడు” అని మావాళ్లు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. నేను రాసిన కాగితం ఈనాటిదాకా ఏ కోర్టులోనూ వీగిపోలేదు.

కిందటి మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరు ఆడవాళ్లు మా గేటు తీసుకుని లోపలికి వచ్చారు. ఒకామె ఎనభై దాటిన ముసలామె. రెండో అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, మెడలో ఏదో ల్యాబు గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఆదివారం పూట కార్డు వేసుకుని రావడం నాకు నచ్చలేదు. నమ్మించాలనుకునేవాళ్లే అడక్కుండా కార్డులు చూపిస్తారు.

ముసలామె కుర్చీలో కూర్చోలేదు. అరుగు మెట్టు మీద కూలబడి నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“తవిటయ్య కొడుకువేనా బాబూ?”

“మిమ్మల్ని ఎవరు పంపించారు?” అన్నాను.

“ఎవులూ పంపలేదు. నాకు నానే వచ్చాను. మాది సముద్రం వొడ్డున పేట. సూరాడ ఎల్లాజీ కూతుర్ని, బుల్లమ్మంటారు. ఇది నా కూతురి కూతురు అనూరాధ. సికాకుళంలో రగతం పరీచ్చలు సేసే కాడ పని సేస్తాది.”

ఆ పేట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఏడాదికోసారి, కొత్త ధాన్యం ఇంటికొచ్చాక, మా మామ్మ చిన్నతల్లి నన్ను వెంటబెట్టుకుని ఆ ఒడ్డుకి నడిపించుకెళ్లేది. గంగమ్మకి మొక్కు అనేది. పసుపు రాసిన చిన్న పాలకుండ నా చేతికిచ్చి, దాని మెడకి కట్టిన గుడ్డమూట మీద నా వేలు పడితే చాలు, చురుక్కుమనేలా చరిచేది. అవన్నీ గుర్తొచ్చాయి గానీ పైకి అనలేదు. మనం ముందు నోరు విప్పకూడదు, ఎదుటివాళ్లని విప్పనివ్వాలి.

“మీ నాన్నకి ఆ పేరెందుకొచ్చిందో తెలుసును గదా?” అంది బుల్లమ్మ.

తెలియకేం. మా వైపు వరసగా పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూంటే, తరవాతివాణ్ని పిల్లలు చల్లగా బతికిన మరో ఇల్లాలికి అమ్మేస్తారు. ఆవిడ చేటలో తవుడు పోసిచ్చి బిడ్డని కొనుక్కుంటుంది. మూడు రాత్రులు తన ఇంట్లో పడుకోబెట్టుకుని, మళ్లీ తెచ్చి తల్లి చేతికిస్తుంది. ఇక లెక్క ప్రకారం వాడు కొన్నామె బిడ్డ, కన్నతల్లి ఊరికే పెంచుతోందన్నమాట. వెతుక్కుంటూ వచ్చిన చావుకి ఇల్లు తెలియకుండా పోతుందని నమ్మకం. అలా బతికినవాడు మగపిల్లవాడైతే తవిటయ్య, ఆడపిల్ల అయితే తవిటమ్మ. మా నాన్నకి ముందు నలుగురు పోయారు. అంతవరకే మా ఇంట్లో చెప్పుకునేవారు. ఎవరు కొన్నారన్నది మాత్రం ఎప్పుడూ ఎవరూ అనలేదు.

“కొన్నది మా అమ్మ నూకాలు,” అంది ముసలామె. “మీ ఊరు ఎండుసేపలు అమ్ముకోడానికొచ్చీది. అప్పటికి మా అమ్మకి ముగ్గురు గుంటలు, ముగ్గురూ రాయిలాగుండీవోరు. నాలుగోవోడు మీ నాన్న ఈడోడే, రెండు నెలలోడు. మీ మామ్మ మా అమ్మ సేతికి బిడ్డనిచ్చి తవుడు పుచ్చుకున్నాది. మూడు రాత్రులికని మా అమ్మ ఆడిని పేటకి ఎత్తుకెల్లిపోనాది.”

“అయితే?”

“మూడోరాత్రి ఆ బిడ్డ జొరమొచ్చి సచ్చిపోనాడు బాబూ.”

ఆమె నా మొహంకేసి ఒకసారి చూసి, మళ్లీ అందుకుంది.

“తెల్లారి మా అమ్మ తన బిడ్డని అదే బట్టలో సుట్టి మీ మామ్మ సేతిలో ఎట్టీసింది. మీవోళ్ల బిడ్డని ఇసకలో కప్పెట్టీసి, మా బిడ్డ సచ్చిపోనాడని పేటంతా సెప్పుకున్నారు.”

“ఎందుకలా?”

“బయం బాబూ. రైతుల బిడ్డ తనింట్లో పోనాడంటే పేటని బతకనిస్తారేటని బయం. మా అమ్మ దేవతేటీ కాదు.” ఆమె చీర చెంగుతో మూతి తుడుచుకుంది. “అప్పటికి నాను పుట్టనేదు. మా అమ్మ పోయేముందు నాతోటి సెప్పింది. సిన్నతల్లమ్మని మోసం సేసీసినానే అని ఏడుసుకుంటానే పోనాది. మా అన్నలేమో జొరంలో పేలతన్నాదని కొట్టిపారేసినారు. తవిటయ్య బతికున్నన్నాల్లూ ఆ గుమ్మం తొక్కొద్దని నాసేత ఒట్టేయించుకున్నాది. ఆయన పోనాడని నిరుడే తెలిసింది. ఇప్పుడు నాకొక్కటే తెలవాల. ఆ ఇసకలో ఉన్నోడు మావోడా, మీవోడా? మా అన్న బతికినాడా, లేదా? అది తెలిస్తే నాను సుకంగా పోతాను.”

అనూరాధ అందుకుంది. “మీ నాన్నగారు మా అమ్మమ్మకి సొంత అన్నయ్యయితే, ఆవిడ మీకు మేనత్త అవుతుందండి. ఇద్దరి ఉమ్మూ డీఎన్ఏ పరీక్షకి పంపితే తేలిపోతుంది. ఖర్చు మేమే పెట్టుకుంటాం.”

ఖర్చు తామే పెట్టుకుంటామనేవాళ్లని చూస్తే నాకు ఇంకా భయం.

“ముసలమ్మా, ఒక్కటి చెప్పు,” అన్నాను. “రెండు నెలలు పాలిచ్చిన తల్లి తన బిడ్డని గుర్తుపట్టదేటి? ఎవరి బిడ్డనో చేతిలో పెడితే ఊరుకుంటాదేటి?”

నా వృత్తిలో అలాంటి ప్రశ్న ఒకటి పడితే అవతలి పార్టీ నీళ్లు నమలాల్సిందే. బుల్లమ్మ కూడా తలదించుకుంది.

“అదే నాకూ తెల్దు బాబూ,” అంది.

చూద్దాం లెమ్మని పంపించేశాను.

వాళ్లు సందు మలుపు తిరగకముందే నాకు రమేష్‌బాబు మొహం కళ్ల ముందు కనబడింది. మా తాత సోములు తమ్ముడి మనవడు రమేష్‌బాబు, అంటే నాకు తమ్ముడి వరస. మా ఊరి పొలాల మధ్య నుంచి బైపాస్ రోడ్డు వేస్తారని అంతకు ముందు నెలే సర్వేవాళ్లు రాళ్లు పాతి వెళ్లారు. ఆ రాళ్లు పడ్డది నా పొలంలో. అది సోములు నుంచి ఒక్కగానొక్క కొడుకని మా నాన్నకి, మా నాన్న నుంచి నాకు వచ్చింది. మా నాన్న సోములు కొడుకే కాదంటే? అప్పుడు ఆ భూమి తమ్ముడి వంశానికి, అంటే రమేష్‌బాబుకి పోవాలి. సరిగ్గా ఇప్పుడే ఒక ముసలామె సముద్రం ఒడ్డు నుంచి నడిచొచ్చి మీ నాన్న మా అన్న అంటోంది. ఈ కేసు కోర్టులో నిలవదని నాకు తెలుసు. నిలవని కేసు కూడా పదిహేనేళ్లు నడుస్తుందని ఇంకా బాగా తెలుసు.

ఇదొక్కటే అయితే నాకు నిద్ర పట్టేది. పొలం సంగతి పక్కన పెట్టినా, అరవై ఏడేళ్లు యాళ్ల నారాయణమూర్తినని సంతకం పెట్టి ఇప్పుడు కాదంటే నేనెవర్ని? ఆ ముసలామె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడే తహసీల్దారు ఆఫీసు రికార్డు గదికి వెళ్లాను. అక్కడి గుమాస్తా ధనరాజ్ నాకు పాత స్నేహితుడు.

“మూర్తిగారూ, రిటైరయ్యాక కూడా ఈ దుమ్ము వదల్లేరేటండీ?” అన్నాడు.

మద్రాసు రాజ్యం నాటి గ్రామ జనన మరణాల పుస్తకాలు గుడ్డమూటల్లో ఉన్నాయి. పురుగు కొన్ని పేజీలను జల్లెడ చేసేసింది. రెండు రోజులు ముక్కుకి తువ్వాలు కట్టుకుని తిరగేశాం. మా ఊరి పుస్తకంలో 1934 డిసెంబరులో దొరికింది: యాళ్ల సోములుకి మగశిశువు. పేట పుస్తకంలో 1935 ఫిబ్రవరిలో రెండోది దొరికింది: సూరాడ ఎల్లాజీ కొడుకు, వయసు రెండు నెలలు, జ్వరం వల్ల మరణం.

“దొరికింది!” అని బల్ల మీద ఒక్కటి చరిచాను. చచ్చిపోయినవాడు ఎల్లాజీ కొడుకేనని సర్కారు పుస్తకమే చెబుతోంది. ఇంకేం కావాలి?

అప్పుడు నా కన్ను పాత అలవాటు కొద్దీ కుడివైపు చివరి గడి మీద పడింది. తెలియజేసినవారు అని రాసి ఉంటుంది ఆ గడి పైన. చావు కబురు ఎవరు తెచ్చారో వాళ్ల పేరూ సంతకమూ అందులో వేయిస్తారు. అందరూ పేరూ తేదీ చూస్తారు, నేను ముందు చూసేది అదే గడి. అక్కడ ఎల్లాజీ వేలిముద్ర లేదు. వంకర టింకర అక్షరాలతో ఒక సంతకం ఉంది. యాళ్ల సోములు.

పేటలో ఒక మత్స్యకారుడి బిడ్డ చావు కబురు రాయించడానికి ఏడు మైళ్ల అవతలి రైతు ఎందుకెళ్లాడు?

నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. మా తాతకి సంతకం వచ్చు, ఎల్లాజీకి రాదు. కొడుకుని తెచ్చుకోడానికి వెళ్లినవాడు మాటసాయం చేసి ఉంటాడు. ఇదే వాదన ఎవడైనా నా బల్ల ముందు కూర్చుని వినిపిస్తే వాడి మొహం మీదే నవ్వేసేవాణ్ని.

“నకలు ఇమ్మంటారా?” అన్నాడు ధనరాజ్.

“ఆ చివరి గడి నకల్లో వస్తుందా?”

“రాదండీ. ఇప్పటి ఫారంలో ఆ గడి లేదు.”

“అయితే ఇయ్యి,” అన్నాను.

ఆ రాత్రి మా అమ్మాయి సుహాసినికి ఫోన్ చేశాను. ఎచ్చెర్లలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. అంతా విని, “దాందేముంది నాన్నా, పరీక్ష చేయించుకో, నీదే నిజమైతే ఆవిడ ఇంకెప్పుడూ రాదు కదా,” అంది. నిజమే. అబద్ధాన్ని చంపాలంటే అదే మార్గమని ఒప్పుకున్నాను. ఆ చివరి గడి సంగతి మాత్రం దానికి చెప్పలేదు.

అనూరాధ రెండు గొట్టాలు తెచ్చింది. నేను ఊరుకుంటానా? పనిచేసేది ల్యాబులో, ఒక గొట్టం మార్చడం ఎంతసేపు? లక్క, కొవ్వొత్తి, నా పాత ఇత్తడి ముద్ర బయటికి తీశాను. ఉమ్మడానికి ముందు అరగంట నోట్లో ఏదీ పెట్టకూడదు. బుల్లమ్మది అడ్డపొగ, నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. ఆ అరగంటా చుట్ట లేక ఆమె మా అరుగు మీద అల్లాడిపోయింది. మా ఆవిడ జాలిపడి కబుర్లు చెబుతూ కూర్చుంది. గొట్టాలు నిండాక మూతలకి నేనే లక్క కరిగించి ముద్రలు వేశాను, వాటి మీద అడ్డంగా సంతకం పెట్టాను, కొరియరు ఆఫీసుకి నేనే పట్టుకెళ్లాను, రిపోర్టు సుహాసినికి రావాలని రాయించాను.

“ఎంత అనుమానం బాబూ నీకు!” అంది బుల్లమ్మ. తిట్టినట్టు అనలేదు. తన ఇంటి గుంటణ్ని చూసి ముచ్చటపడినట్టు అంది. అది నాకు మరీ చిరాకు పుట్టించింది.

మూడు వారాలకి సుహాసిని శనివారం బస్సులో వచ్చింది. చెప్పులు విప్పకుండానే కాగితం నా చేతిలో పెట్టింది.

“నాలుగో వంతు కలిసింది నాన్నా. మేనత్త, మేనల్లుడు.”

“ల్యాబు వాళ్లు తారుమారు చేసుంటారు.”

“ముద్ర నువ్వే వేశావు కదా.”

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఎవరు వేసిన ముద్రనైనా శంకించగలను, నేను వేసినదాన్ని ఎలా శంకించను?

“ఆవిడకి ఫోన్ చెయ్యనా?” అంది.

“వద్దు. నోరెత్తకు. దీని వెనకాల రమేష్‌బాబు ఉన్నాడు.”

“నీకు పొలం పోతుందని భయమా, పేరు పోతుందని భయమా?”

“రెండూను,” అన్నాను. కూతురి దగ్గర దాచడం ఎందుకు?

దాని ముందే రమేష్‌బాబుకి ఫోన్ చేశాను, ఎక్కడ తడబడతాడో చూద్దామని. పేట పేరు ఎత్తాను, సూరాడ వాళ్ల పేరు ఎత్తాను. వాడికి ఏదీ అందలేదు. “అన్నా, సేపలేవైనా కొనడానికెల్తన్నావేటి? ఎల్తే నాకూ రెండు కేజీలు వంజరం అట్టుకురా. సర్వేవోల్లు నీ గట్టు మీద కొబ్బరిసెట్లు లెక్క రాసుకోలేదు, నానే గుర్తుసేసి రాయించాను, తెలుసా?” అన్నాడు. నా కొబ్బరిచెట్లని నా పేరున రాయించినవాణ్ని పట్టుకుని నేను నెల్లాళ్లుగా దొంగని చేశాను. సుహాసిని నావైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

అయినా నేను మారలేదు. ఈవేళ మంచిగా ఉన్నవాడు రేపు ఈ కాగితం చూశాక ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? కాబట్టి కాదని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. మరణం నకలు పై జేబులో పెట్టుకున్నాను. రిపోర్టు ఇంట్లో ఉంచితే సుహాసిని ఫోటో తీసి పంపేస్తుందని దాన్ని లోపలి జేబులో దాచుకున్నాను. ఆదివారం పొద్దున్నే పేటకి బండి కట్టాను, అంటే నా స్కూటరే.

బుల్లమ్మ ఇంటి ముందు కొత్త వల ఆరేసి ఉంది. నన్ను చూసి ఆమె గోడ పట్టుకుని లేచింది. అనూరాధ ప్లాస్టిక్ కుర్చీ వేసి లోపలికి టీ పెట్టడానికి వెళ్లింది. నేను కూర్చోకుండానే నకలు తీసి చదివేశాను.

“ఎల్లాజీ కొడుకు, రెండు నెలలు, జ్వరంతో మరణం. సర్కారు పుస్తకంలో ఉంది. పరీక్ష రిపోర్టు కూడా వచ్చింది. నీకూ నాకూ ఏ సంబంధమూ లేదు.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! జీవితమంతా ఇతరుల అబద్ధాలు పట్టుకున్నవాడికి తన అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకు తెలియదు.

బుల్లమ్మ మళ్లీ గోడకి చేరబడింది. “అయితే మా అమ్మ జొరంలోనే పేలినాది,” అంది మెల్లగా. “ఎవుల్నీ మోసం సెయ్యలేదు. పోన్లే, అంతవరకు మేలే.”

నా గుండె కాస్త తేలికపడింది. చూశావా, అబద్ధమైనా మంచే చేసింది అనుకున్నాను.

“ఒక్కపాలి నాతోటి రా బాబూ. పరీచ్చ మాట సెప్పినోడివి, నువ్వే పక్కనుండాల,” అని కర్ర అందుకుంది.

ఇళ్లు దాటి, పడవలు దాటి, ఒడ్డు వెంబడి కాస్త దక్షిణంగా నడిచాం. ఇసకదిబ్బ మీద మొగలిపొదలు దట్టంగా ఉన్నాయి. వాటి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ చోటు ఉంది. అక్కడికి చేరేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. పొదలు అప్పటికంటే పెరిగాయి, సముద్రం కాస్త ముందుకొచ్చింది. అయినా చోటు అదే. మా మామ్మ నన్ను పొదల బయట నిలబెట్టి, కుండ పుచ్చుకుని ఒక్కతే లోపలికి వంగి వెళ్లే చోటు.

“మా అమ్మ సూపించిన సోటు ఇదే,” అంది బుల్లమ్మ. “ఇక్కడున్నోడు మీవోల్ల బిడ్డ అనీది. బయపడీది ఇటు రావాలంటే. ఏటేటా ఎవులో పసుపు కుండ ఒకటి ఇక్కడ ఎట్టీసి పోయీవోరు. సిల్లంగి ఎడతన్నారు, మనల్ని నాశినం సేసీడానికే అని మా అమ్మ వొనికిపోయీది. ఆ కుండ గోతిలో పాతీసి వచ్చీది. నాకు పెల్లయిన సాన్నాల్లకి అవి రావడం ఆగిపోనాయి.”

చిల్లంగి అంటే చేతబడి. మా మామ్మ మొక్కుని ఈ పేటలో ఒక తల్లి పాతికేళ్లకి పైగా చేతబడి అనుకుని వణికింది.

“ఈడు మావోడే అని ఇప్పుడు తెలిసింది గదా,” అంటూ బుల్లమ్మ కర్ర పక్కన పడేసి ఇసకలో కూలబడింది. “నా సొంత అన్న బాబూ. కూతవేటు దూరంలో పడున్నాడు. ఎవుల బిడ్డో అనుకుని ఎనబై ఏల్లు ఒక్క దీపం ఎట్టలేదు, ఒక్క పండక్కి ఇంత కూడెట్టలేదు. ఎక్కడో పొలాల్లో పెల్లాం బిడ్డల్తోటి సల్లగున్నాడనుకుని సంబరపడ్డాను. ఓరన్నా! ఓ నాయినా! ఎంత ఆకలేసిందిరా నీకు!”

రెండు చేతులతో ఇసక కొడుతూ రాగం తీసి ఏడ్చింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లు అటు తిరిగి చూశారు. నేను వినలేకపోయాను. చచ్చిపోనివాడి కోసం ఆమె ఏడుస్తోంది. నా నోటిమాట వల్ల ఏడుస్తోంది. ఆ ఇసక కింద ఉన్నవాడు మరొకడు. అసలైన యాళ్లవాడు వాడు. నేను కాపాడుకోవాలని చూస్తున్న పొలమంతా, పేరంతా వాడిది. రెండు నెలలు బతికి, చచ్చిపోయేటప్పుడు తన పేరు కూడా మా నాన్నకిచ్చి వెళ్లాడు. నాకు సిగ్గేసింది. అరవై ఏడేళ్లలో అంత సిగ్గు నేనెరగను.

“లే అత్తా,” అన్నాను.

ఆమె ఏడుపు ఆపి తలెత్తింది.

“ఏటన్నావు?”

“ఇక్కడున్నది నీ అన్న కాదు. నీ అన్న డెబ్బై ఆరేళ్లు బతికాడు. నలుగురు మనవల్ని ఎత్తుకున్నాడు. నీళ్లంటే భయం, మోకాలు లోతు కాలవ దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేవాడు. నేను అబద్ధం చెప్పాను.”

బుల్లమ్మ కళ్లు తుడుచుకుని నన్ను చూసింది. నేను నా బల్ల ముందు కూర్చున్న వాళ్లని చూసినట్టే చూసింది.

“ఇందాక ఇదే నోటితోటి కాదన్నావు. ముసల్ది ఏడుస్తన్నాదని జాలిపడి ఇప్పుడు అవునంటన్నావేమో. నిన్నెలాగ నమ్మడం?”

నేను లోపలి జేబులోంచి రిపోర్టు తీశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు సదువు రాదు. ఆ కాయితమూ నువ్వే సదవాల, ఈ కాయితమూ నువ్వే సదవాల. ఇంకోటి సెప్పు.”

న్యాయమే. నేను ఆమె ఎదురుగా ఇసకలో కూర్చున్నాను.

“ఆ కుండ మెడకి గుడ్డమూట ఒకటి కట్టి ఉండేది, అవునా?”

బుల్లమ్మ నావైపు వంగింది. మూట సంగతి ఆమె నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పి ఉండదు.

“ఉండీది,” అంది.

“ఆ కుండ మోసుకొచ్చినవాణ్ని నేనే. నా తొమ్మిదో ఏట దారిలో మామ్మ చూడకుండా విప్పాను, లోపల బెల్లం ఉంటుందని ఆశపడి. గుప్పెడు తవుడు ఉంది. అంతే.”

 “తవుడే,” అంది. “మా అమ్మా ఇప్పి సూసినాది. మోసం తెలిసిపోనాది, అందుకే తవుడెడతన్నారని మంచం పట్టీసింది. ఎవులికీ సెప్పొద్దన్నాది.”

“సర్కారు పుస్తకంలో నీ అన్న పేరున చావు రాయించినవాడు ఎవరో తెలుసా? మా తాత సోములు. ఆయన సంతకం ఉంది. నేనే దాచాను.” చేతిలోని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాను. “ఆ రోజు మా అరుగు మీద నిన్నడిగాను కదా, తల్లి గుర్తుపట్టదా అని. పట్టింది అత్తా. బట్ట విప్పకముందే పట్టి ఉంటుంది. మీ అమ్మ మోసం చెయ్యలేదు. మా మామ్మ తెలిసే పుచ్చుకుంది.”

బుల్లమ్మ ఇసకలో గీతలు గీస్తూ కూర్చుంది. అనూరాధ టీ గ్లాసులతో దిబ్బెక్కి వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి అక్కడే ఆగిపోయింది.

“మరి ఆ తవుడెందుకు బాబూ, ఏటేటా?” అంది చివరికి.

“కొన్నవాళ్లు తవుడు పొయ్యాలి కదత్తా,” అన్నాను.